పెదాలు కలవని నెల

నా కుడి బుగ్గ మీద, పెదవి చివరి నుంచి కొంచెం పైదాకా, ఇప్పటికీ లేత గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. ఎండలోకి వెళితే ముదురుతాయి. అవి పోతాయనే డాక్టరమ్మ చెప్పింది. పోయేలోపే ఈ సంగతి రాసేయాలని కూర్చున్నాను. పోయాక రాస్తే మెత్తబడిపోతానేమోనని భయం.

నేను సినిమాలకు డబ్బింగ్ చెబుతాను. ముంబై నుంచి వచ్చిన అమ్మాయి తెర మీద పెదాలు కదిపితే మీకు థియేటర్లో వినపడేది నాలాంటి వాళ్ళ గొంతు. మాది తెనాలి. పెళ్ళయి ఫిల్మ్ నగర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ముఖంతో పని లేని వృత్తి నాది. "గొంతు అమ్ముకునేదానివి, ముఖానికి సూదులెందుకమ్మా?" అని మా అమ్మాయి శ్రావ్య ఆసుపత్రిలో అందరి ముందూ అడిగింది. జవాబు చెప్పాలంటే ముందు విశాల గురించి చెప్పాలి.

విశాల షేక్‌పేటలో పుట్టి పెరిగింది. నాకంటే పదేళ్ళు చిన్నది. మొదట్లో గుంపు గొంతుల కోసం వచ్చేది. నా వెనక నిలబడి "అయ్యో", "పట్టుకోండి" అని అరిచేది. మైకుకు ఎంత దూరంలో నిలబడాలో, 'ప' అన్నప్పుడు గాలి మైకును కొట్టకుండా తల ఎంత పక్కకు తిప్పాలో నేనే చూపించాను. అప్పట్లో దాని యాస మార్చుకోమని అందరూ చెప్పేవారు. ఇప్పుడు ఆ యాసే కావాలంటున్నారు. కథలో పిల్ల వరంగల్‌దైనా విశాలే, సిద్దిపేటదైనా విశాలే. నేనూ 'గిట్ల', 'గట్ల' అని చెప్పి చూపించాను. డైరెక్టర్ నవ్వి, "మేడమ్, మీరంటుంటే తెనాలి నుంచి కిరాయికి తెచ్చినట్టుంది" అన్నాడు. అన్న రోజు ఆయన వేసుకున్నది ఆవపువ్వు రంగు చొక్కా.

నాకు మిగిలింది ఒక్క హీరోయిన్. ఆ అమ్మాయి తెలుగులోకి వచ్చిన దగ్గర నుంచీ నేనే ఆమె గొంతు. ఈసారి సినిమా విడుదలకు ముందు జరిగే పెద్ద ఫంక్షన్లో నన్ను స్టేజి మీదికి పిలిచి అందరికీ చూపిస్తానని మాట కూడా ఇచ్చింది. ఆ హీరోయిన్ పోతే నాకు అత్తల గొంతులు, ప్రకటనల్లో బట్టల సబ్బు తప్ప ఏమీ ఉండవని నాకు తెలుసు.

జనవరి, ఫిబ్రవరి

ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు డబ్బింగ్ వాళ్ళతో మాట్లాడతామని వచ్చారు. నన్నూ విశాలనూ పక్కపక్కన కూర్చోబెట్టారు. నేను పట్టుచీర కట్టుకున్నాను. విశాల మామూలు కాటన్ కుర్తాలో వచ్చింది. వీడియో పెట్టాక కింద జనం రాసినవన్నీ చదివాను. చదవొద్దని మా ఆయన చెప్పారు, చదివాను. విశాల గురించి "ఈ అక్క వెనక ఎందుకుంది, హీరోయిన్ అవ్వాల్సింది" అని రాశారు. నా గురించి ఒకడు రాశాడు: "ఈమె గొంతు సూపర్. కళ్ళు మూసుకుని వినండి."

దానికి బోలెడుమంది లైకులు కొట్టారు. అందులో ఒకరు మా పెద్దాడపడుచు కొడుకు.

మరుసటి వారం స్టూడియో వరండాలో టీ తాగుతూ విశాల ముఖం దగ్గరగా చూశాను. తుడిచిన అద్దంలా ఉంది. పై పెదవి గీసినట్టు ఉంది. మనసు చివుక్కుమంది.

"ఏం వాడుతున్నావే?" అన్నాను.

"ఏం లేదక్కా. కొబ్బరినూనె."

"కొబ్బరినూనెకు పెదవి లావెక్కుతుందా?"

"మా అమ్మ దిక్కు పోలికక్కా. జర టీ సల్లారుతుంది, తాగు నువ్వు."

నన్ను 'నువ్వు' అంటుంది. వాళ్ళ వైపు అక్కను అలాగే అంటారట. నాకు మాత్రం ప్రతిసారీ గుచ్చుకుంటుంది. రెండు రోజుల తర్వాత మేకప్ చేసే రమణి ద్వారా అసలు సంగతి తెలిసింది. విశాల జూబ్లీ హిల్స్‌లో ఒక చర్మ వైద్యశాలకు వెళ్ళి ముఖానికి సన్న సూదుల వైద్యం, పెదవి నిండుగా కనపడేందుకు ఫిల్లర్ ఇంజక్షను చేయించుకుందట. కొబ్బరినూనె!

మార్చి, మొదటి వారం

పంటి డాక్టరు దగ్గరికని మా ఆయనకు చెప్పి అదే క్లినిక్‌కు వెళ్ళాను. తెల్లటి సోఫాలు, గాజు తలుపు, గోడ మీద వయసు లేని ముఖాలు. నా ఎదురుగా కూర్చున్నామె ఒడిలో చిన్న కుక్క ఉంది. దాని ముఖం కూడా నా ముఖం కంటే నునుపుగా ఉందనిపించింది.

చేతిలో ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"మేడమ్, ఎనీ అలర్జీస్?"

"లేవు."

"బ్లడ్ థిన్నర్స్ ఏమైనా వాడుతున్నారా?"

"లేదు."

"కోల్డ్ సోర్స్ హిస్టరీ?"

నాకు నవ్వొచ్చింది. "కోల్డా? అమ్మాయ్, నేను డబ్బింగ్ చెబుతాను. ఐస్‌క్రీం తిని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. నాకు జలుబు రాదు, గొంతు పుండు పడదు. రానివ్వను."

"ఓకే మేడమ్. నో," అని వేలితో నొక్కింది. పైకి కూడా చూడలేదు.

తర్వాత డాక్టరు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. "సూదుల వైద్యం ముందు చేద్దామండీ. ముఖం నెమ్మదించాక, రెండు వారాలాగి ఫిల్లర్ పెడదాం. రెండూ ఒకే రోజు వద్దు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నెలాఖరులో హీరోయిన్ డబ్బింగ్, ఆ పైన ఫంక్షను. ఆలోపు వాపులు, ఎరుపులు అన్నీ పోవాలి. నేను పట్టుబట్టాను, ఆయన తలూపాడు. అడిగే హక్కు నాకుంది. కాదనే చదువు ఆయన చదివాడు. ఈ మాట తర్వాత ఆయన ముఖం మీదే అన్నాను.

ఆ రోజు నొప్పి పెద్దగా లేదు. మత్తు పూత రాశారు. ముఖమంతా ఎండలో తిరిగొచ్చినట్టు మండింది, పెదవి బరువుగా అయింది. ఇంటికి వస్తూ ఆటో అద్దంలో చూసుకుని, కుర్తాలో అయినా పట్టుచీరలో అయినా విశాల నా పక్కన ఎలా ఉంటుందో ఊహించుకుని సంతోషపడ్డాను. ఆ సంతోషం మూడు రోజులే.

మూడో రోజు పొద్దున పై పెదవి మూల చిరచిరలాడింది.

ఆ చిరచిర నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎండాకాలం పరీక్షలప్పుడు, ఒళ్ళు వెచ్చబడినప్పుడు అలాగే మొదలై, మర్నాటికి గుంపుగా నీటిపొక్కులు లేచేవి. మా నాయనమ్మ చూసి, "పడుకున్నప్పుడు పెదవి మీద సాలీడు పాకిందే" అని వెన్నలో పసుపు కలిపి రాసేది. గది మూలలన్నీ దులిపించేది. మా వైపు అందరూ అదే మాటంటారు. పెళ్ళయ్యాక కూడా ఏటా ఒకసారైనా పాకుతూనే ఉంది.

కనుక నేను చేసిన మొదటి పని ఏమిటంటే, మా ఆయన చేతికి పొడవాటి చీపురిచ్చి పడకగది మూలలు దులపమన్నాను. ఆయన కుర్చీ ఎక్కి బుద్ధిగా దులిపారు. ఒక్క సాలెగూడు కూడా కనిపించలేదు.

"ఏ సాలీడూ లేదు భారతీ. నీ ముఖం అంత ఎర్రగా ఎందుకుంది?"

"పంటి డాక్టరు మత్తిచ్చాడు," అన్నాను.

మర్నాటికి పొక్కులు పెదవితో ఆగలేదు. సూదులు తిరిగిన దారంతా లేచాయి. బుగ్గ, గడ్డం, ముక్కు పక్క. విత్తనాలు చల్లితే మొలకలొచ్చినట్టు వచ్చాయి. జ్వరం వచ్చింది. క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఆ ట్యాబ్ అమ్మాయే ఎత్తింది. "రెడ్‌నెస్ నార్మల్ మేడమ్. ఫొటో పెట్టండి, డాక్టర్‌గారికి చూపిస్తాం." పెట్టాను. చూసినట్టు వాట్సాప్‌లో నీలం గీతలు రెండూ పడ్డాయి. జవాబు రాలేదు. ఇంకో ఫొటో పెట్టాను. మళ్ళీ నీలం గీతలు.

వంటింట్లో ఉన్న ఆయన్ను పిలుద్దామని నోరు తెరిచాను. 'ఏమండీ' అనబోతే పెదాలు కలవలేదు. "ఏవండీ" అని వచ్చింది. ఆయన తిరిగి చూసి, "అచ్చం మీ అమ్మ పిలిచినట్టుంది" అని నవ్వబోయి, పొద్దుటి నుంచీ కప్పుకున్న చున్నీ తీసిన నా ముఖం చూసి నవ్వు ఆపేశారు. గరిటె చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు చెప్పాను, పన్ను కాదని.

ఆయన తిట్టలేదు. "నాకొక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆ రోజు నుంచి అవసరమైన మాటలే మాట్లాడారు. నేను చెప్పిన అబద్ధాన్ని ఆయన ఆరోజే వాళ్ళ అక్కయ్యకు చెప్పేశారని తర్వాత తెలిసింది. అది మాత్రం నేను మరిచిపోను.

మార్చి, రెండో వారం

టోలిచౌకి వైపు ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ తెల్ల సోఫాలు లేవు. ఇనుప కుర్చీలు, ఏడ్చే పిల్లలు, పిలిచిన పేరు వినపడనంత గోల. ముఖానికి చున్నీ చుట్టుకుని కూర్చున్నాను. శ్రావ్యకు ఇంటర్ పరీక్షలు జరుగుతున్నాయి. ఆరోజు పరీక్ష రాసి నేరుగా అక్కడికే వచ్చి, హాల్‌టికెట్ చేతిలో పట్టుకునే ఆ ప్రశ్న వేసింది. ముఖానికి సూదులెందుకని. నలుగురూ నావైపు తిరిగారు. నేను చున్నీ ఇంకాస్త బిగించుకున్నాను. బదులిచ్చినా ఎవరికీ అర్థమయ్యేది కాదు.

దాహంగా ఉంది. చున్నీ కిందుగా సీసా పెదాలకు ఆనిస్తే ప్రాణం పోయినట్టుంది, నీళ్ళు గడ్డం మీద నుంచి కారిపోయాయి. పక్క కుర్చీలో బురఖాలో ఉన్న పెద్దామె అది చూసింది. తన మనవరాలి పండ్లరసం డబ్బాకు అంటించి ఉన్న గొట్టం పీకి, కాగితం విప్పి నా సీసాలో వేసింది.

"ఇట్ల తాగు బేటీ. నోటికి తగల్దు."

తాగాను. పిల్ల ఏడుపు లంకించుకుంది. "నీకు ఇంకోటి కొనిస్త, ఊకో" అని దాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె ముఖం నేను చూడలేదు, నా ముఖం ఆమె చూడలేదు. ఆ నెలలో నా రూపం గురించి ఏ లెక్కా లేకుండా నన్ను ఆదుకున్న మనిషి ఆమె ఒక్కతే.

డాక్టరమ్మ పెద్దావిడ. వెలుతురు దగ్గరికి లాక్కుని చూసింది. ముందు పెదవిని గోటితో నొక్కి వదిలి, రంగు తిరిగి వస్తోందా అని చూసింది. ఆ ఫిల్లర్ మందు రక్తం పారే దారిలో పడితే అక్కడి చర్మం తెల్లబడి, తర్వాత నల్లబడి చచ్చిపోతుందట. నాది అలా కాలేదు. అప్పుడు అడిగింది.

"ఇంతకుముందు పెదవి మీద గిట్ల పొక్కులు అయ్యేటివా అమ్మా?"

"లేదండీ." నా మాటలు ఇక్కడ శుభ్రంగా రాస్తున్నాను గానీ, ఆ రోజు నా నోట ఒక్క 'ప' లేదు, ఒక్క 'మ' లేదు.

"సాలీడు పాకింది అంటరు చూడు. గట్ల?"

"ఓ, అదా! అది ఏటా వస్తుందండీ."

ఆమె రాయడం ఆపింది. "ఏటనా? మరి సూదులు గుచ్చేటోళ్ళకు చెప్పలేదా?"

"సాలీడు గురించి వాళ్ళు అడగలేదండీ."

"అడిగే ఉంటరు. కోల్డ్ సోర్స్ ఉన్నయా అని అడగలే?"

మా ఆయన నావైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఇంగ్లీషు సినిమాలకు తెలుగులో గొంతు ఇచ్చేదాన్ని. అంతరిక్ష నౌకల భాగాల పేర్లు కూడా తడుముకోకుండా చెప్పినదాన్ని. కోల్డ్ అంటే జలుబు అనుకున్నాను.

"అది సాలీడు కాదమ్మా," అంది ఆమె. "ఒకసారి వచ్చినంక నీ లోపల్నే ఉంటది. నరాలల్ల పండుకొని ఉంటది. ఎండకు లేస్తది, జ్వరానికి లేస్తది, గిట్ల గుచ్చితే లేస్తది. ముఖమంత సూదులు తిప్పిన్రు గద, దానికి దారి దొరికింది. ముందుగాల చెప్పుంటే గోలీలు ఇచ్చి, అది లేవకుంట చూసి, అప్పుడు చేసేటోళ్ళు. ఇప్పుడు కూడ ఫికర్ చెయ్యకు, తగ్గుతది. కన్ను ఒక్కటి చూపించాలె."

కన్నెందుకని అడిగాను. ముక్కు పక్క పొక్కులు కంటి దాకా పాకితే చూపుకే ముప్పట. కంటి డాక్టరు గది బయట కూర్చున్నంతసేపూ నేను ఏ దేవుడికీ మొక్కలేదు. నాకు చూపు పోతే విశాల ముఖం ఇక చూడనవసరం లేదు కదా అన్న ఆలోచన వచ్చింది. అంత భయంలోనూ అదే వచ్చింది. ఏం చేయను, వచ్చింది. కన్ను బాగానే ఉందని చెప్పారు. ఆసుపత్రిలో ఉంచి సూది మందు ఎక్కించారు.

మంచం మీద ఉండగా సినిమా ఆఫీసు మేనేజర్ ఫోన్ చేశాడు. మా ఆయన స్పీకర్ నొక్కి నా చెవి దగ్గర పెట్టారు.

"మేడమ్, రిలీజ్ డేట్ కదల్దు. ఈ నెలాఖరునే హీరోయిన్ డబ్బింగ్. ఒక్కసారి వాయిస్ వినిపిస్తారా? ట్రైలర్లో డైలాగ్ ఉంది కదా, అది చెప్పండి చాలు."

ఆ డైలాగు ఇది: "నువ్వు నన్ను నమ్మకపోయినా పర్వాలేదు, మా అమ్మ నమ్మితే చాలు." రాసినవాడు నా మీద పగబట్టి రాసినట్టుంది. చెప్పాను. ఒక్క 'మ' కూడా నిలవలేదు. "రెస్ట్ తీసుకోండి మేడమ్," అని పెట్టేశాడు.

మార్చి, మూడో వారం

ఇంటికొచ్చిన రెండో రోజు విశాల వచ్చింది. ఫ్లాస్కు నిండా రాగిజావ, ఒక గొట్టం. గొట్టం సంగతి దానికెవరు చెప్పారో.

గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యో అక్కా! గిదేంది, గింత అయింది?"

"కొబ్బరినూనె రాశాను," అన్నాను. ఆ మాట 'కొవ్వరినూనె' అనే వచ్చింది గానీ దానికి అర్థమైంది. తల దించుకుంది.

"చెప్తే నువ్వు గూడ పోతవని చెప్పలే అక్కా."

"పోతే ఏం?"

"నీ గొంతు ఎట్లైన నాకు రాదు. ముఖమన్న నాకు ఉండనియ్యరాదా అనుకున్న."

ఇంత నిజాయితీగా కుళ్ళు ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలివ్వలేదు. పక్కన మా ఆయన దగ్గు నటించారు.

"నిన్నూ అడిగారా, ఆ కోల్డ్ సోర్స్?"

"అడిగిన్రు. అంటే ఏంది, నాకు దెల్వదు అన్న. ఆ పిల్ల ఫోన్ల ఫొటో తీసి చూపించింది. గిదా, గిది మా ఇంట్ల అందరికి ఉంది, సాలీడు పాకుడు గద అన్న. ముందుగాల గోలీలు వేసుకొమ్మని పంపిన్రు. వారమైనంక రమ్మన్నరు."

నాకు తెలియదు అన్న ఒక్క మాట దాన్ని కాపాడింది. అది కూడా నాకంటే ముందు దానికే తట్టింది.

జావ తాగడం అయ్యాక అసలు మాటకొచ్చింది. "అక్కా, మేనేజర్ పిలిచిండు. హీరోయిన్‌కు నన్ను చెప్పమంటున్నడు. నువ్వు వద్దంటే చెప్ప. అమ్మతోడు, పోను."

'వద్దు' అనడానికి పెదాలు కలవనక్కరలేదు. ఆ నెలలో నేను శుభ్రంగా పలకగలిగిన కొద్ది మాటల్లో అదొకటి. నోటి చివరిదాకా వచ్చింది. విశాల నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. నేను వద్దంటే ఆ మేనేజర్ ఇంకొకరిని పిలుస్తాడు, ఆ ఇంకొకరికి 'ప' దగ్గర తల తిప్పడం కూడా రాకపోవచ్చు. నేను నేర్పినదానికే పోనీ అనుకున్నానో, వద్దంటే నా అసూయ అందరికీ తెలిసిపోతుందని భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేదు. వెళ్ళి చెప్పమని తల మాత్రం ఊపాను. ఎలా ఊపాలో అలా.

"నీ లెక్కనే చెప్త అక్కా," అంది వెళుతూ.

అదే కదా బాధ.

ఏప్రిల్

పక్కులు రాలాయి. పెదవి మీద కొత్త చర్మం ఉల్లిపొరలా ఉండేది. రోజూ పొద్దున బాల్కనీలో నిలబడి "పాప, బాబు, మామ, పంపు, బొమ్మ" అనేదాన్ని. పక్క ఫ్లాటు వాళ్ళ పసివాడు కిటికీలోంచి నాతో పాటు అనేవాడు. వాడికి నాకంటే ముందు 'పంపు' వచ్చేసింది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని వినేవారు. "ఇవాళ 'బ' గట్టిపడింది" అనేవారు, పేపరు దించకుండానే. పంటి అబద్ధం తర్వాత ఆయన నాతో మామూలుగా మాట్లాడటం ఆ 'బ' దగ్గరే మళ్ళీ మొదలైంది.

ముఖానికి చున్నీ లేకుండా క్లినిక్‌కు వెళ్ళాను. కావాలనే. తెల్ల సోఫా మధ్యలో కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు నన్ను చూసి లేచి వెళ్ళి దూరంగా కూర్చున్నారు. వెంటనే లోపలికి పిలిచారు.

"మేడమ్, మేం అడిగాం. మీరు నో అన్నారు," అన్నాడు కుర్ర డాక్టరు.

"మీరడిగింది నాకు అర్థం కాలేదు."

"అర్థం కాకపోతే అడగాలి కదండీ."

"ప్రశ్న మీది. అర్థమయ్యేలా అడగడం కూడా మీ పనే. ఇక్కడికి వచ్చేవాళ్ళు ఏ భాషలో పుట్టారో ఆ భాషలో అడగండి. నేను ఫొటోలు పెట్టాను, చూశారు, పలకలేదు. అది ఏ భాష?"

 ఫొటోలు డాక్టరుకు చూపించే మనిషి ఆరోజు సెలవట. సెలవు పెట్టింది మనిషి, నీలం గీతలు పెట్టలేదు అన్నాను. కదలకుండా కూర్చున్నాను. చివరికి ఏం చేయమంటారని అడిగాడు. వచ్చినవాళ్ళందరికీ సూది ముట్టక ముందే తెలుగులో అడగాలన్నాను. ఏమడగాలో నేనే రాసిచ్చాను. పెదవి మీద సాలీడు పాకిందా అన్నది మొదటి ప్రశ్న. ఈ వారంలో పళ్ళకేమైనా చేయించారా, ఒంట్లో జ్వరం గానీ ముఖం మీద మొటిమ పుండు గానీ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, దెబ్బ మానిన చోట చర్మం గడ్డకట్టి లేస్తుందా, కడుపుతో ఉన్నారా, బిడ్డకు పాలిస్తున్నారా. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఏమడగాలో కూడా రాశాను: సూది పట్టేది డాక్టరేనా, మందు పెట్టె నా ముందే విప్పుతారా, తేడా వస్తే ఆ మందును కరిగించే మందు ఇక్కడుందా, సెలవు రోజు ఫోన్ ఎవరు ఎత్తుతారు.

ఆయన రెండుసార్లు చదివాడు. "బాగుంది మేడమ్. రికార్డు చేయించి వెయిటింగ్ హాల్లో వినిపిస్తాం. మీ గొంతుతోనే."

అప్పటికింకా నా 'పాకిందా'లో గాలి పోతోంది. కొద్ది రోజులు ఆగమన్నాను. తప్పకుండా మేడమ్ అన్నాడు.

జూన్

ఫంక్షన్ టీవీలో చూశాను. హీరోయిన్ మాట నిలబెట్టుకుంది. తన గొంతును స్టేజి మీదికి పిలిచింది. విశాల వచ్చింది, ఆకుపచ్చ పట్టుచీరలో. పెదాలు బాగున్నాయి. మైకు తీసుకుని, "గీ జాగ మా భారతక్కది. ఆమెకు పాణం బాగలేక నేను నిలవడ్డ. ఈ సినిమాల మీకు నచ్చిన మాటలన్ని ఆమె నేర్పినయే" అంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నా పేరు చెప్పినందుకు, దానికి.

శ్రావ్య నావైపు తిరిగి, "ఎంత మంచిదమ్మా!" అంది. అవునన్నాను. సినిమా బాగా ఆడింది. ఆ హీరోయిన్ ఇక నా దగ్గరికి తిరిగి రాలేదు.

క్లినిక్ నుంచి కూడా ఫోన్ రాలేదు. మాట నిలబెట్టుకున్నారో లేదో చూద్దామని నేనే వెళ్ళాను. సోఫాలో కూర్చున్నానో లేదో, గోడ మీద స్పీకరు పెట్టెలోంచి గొంతు వచ్చింది.

"నమస్తే. మీకు సూది పెట్టే ముందు ఒక్క మాట."

విశాల. నా వాక్యాలు, దాని గొంతు. నాకు పిలుపు రాకపోవడానికి కారణం అర్థమైంది. లేచి లోపలికి వెళ్ళి అడుగుదామని సంచి భుజాన వేసుకున్నాను.

"చిన్నప్పటి నుంచి ఎప్పుడన్న మీ పెదవి మీద..." అని అక్కడ ఆగింది. చిన్న విరామం. "...సాలీడు పాకిందా? జర యాది చేసుకోండ్రి."

నేను రాసింది 'దయచేసి గుర్తు చేసుకోండి' అని. ఆ విరామం నేను రాయలేదు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. సాలీడు అన్న మాట మనిషి చెవిలో పడాలంటే దాని ముందు అంత ఖాళీ ఉండాలని నాకు తట్టేది కాదు. ఇది రాయడం నాకిష్టం లేదు.

ఎదురు సోఫాలో ఒకామె, పెళ్ళయిన కూతురితో వచ్చింది, తల పైకెత్తింది.

"ఏమే, నాకైతది గద గట్ల? నీ పెండ్లప్పుడు గూడ అయింది."

"అదెందుకు ఇప్పుడు, ఊకో మమ్మీ."

"అడుగుతున్నరు గద. చెప్తే ఏం పోతది?" అని ఆమె మోకాళ్ళ మీద చేతులానించి లేచి, కౌంటరు దగ్గరికి నడిచింది. ట్యాబ్ అమ్మాయి ఈసారి తలెత్తి చూసింది.

నేను లేవలేదు. పెట్టెలో గొంతు చివరిదాకా వచ్చి, మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. ఇరవై ఏళ్ళు నా గొంతుకు ఎవరెవరో పెదాలు కదిపారు. "మీ పెదవి మీద సాలీడు పాకిందా" అని విశాల అంటుంటే, ఎదురుగా ఉన్న అద్దంలో నా పెదాలు దానితో పాటు కదలడం చూశాను. చప్పుడు లేకుండా, సరిగ్గా దాని వేగంతో. విరామం దగ్గర ఆగాయి. 'మీ' దగ్గర, 'పె' దగ్గర, 'పా' దగ్గర గట్టిగా, గాలి పోకుండా మూసుకున్నాయి.